ఆదోనిని ఏలిన ఆఫ్రికావాడు

ఆదోని జామియా మసీదుకు వెళ్లినప్పుడల్లా దాన్ని కట్టించిన సిద్ది మసూద్ ఖాన్ గుర్తొస్తాడు. ఆయన మూలాలు అబిసీనియావి, అంటే నేటి ఇథియోపియావి. బీజాపూర్ సుల్తాను పసివాడైతే రాజ్యభారం మోసి, 1683లో ఆ పదవి వదిలి ఆదోని చేరాడు. 1688లో మొగలులకు లొంగే దాకా కోట ఆయనదే. మనిషి చిత్రకళాప్రియుడు కూడా. మసీదు రాళ్ల పనితనం చూస్తే నమ్మబుద్ధవుతుంది.

ఇవాళ చదువుకోసం ఆంధ్రకు వచ్చే ఆఫ్రికా కుర్రవాడు ఇటొస్తే ఏం చూస్తాడు? మాలి, బుర్కినా ఫాసో పిల్లవాడైతే మార్కెట్ యార్డులో పత్తి కుప్పలు చూసి తన ఊరే అనుకుంటాడు. ధర కోసం కాచుకున్న రైతు ముఖం అతనికి కొత్త కాదు. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప నిలబెట్టిన చేనేత సహకార సంఘం కథ చెబితే చెవి ఒగ్గి వింటాడు. ఇళ్లకు తాళాలేసి గుంటూరు వైపు సుగ్గికి, అంటే కూలిపనుల వలసకు, పోయే కుటుంబాలను చూసి, మీ నాయకులేం చేస్తున్నారని అడుగుతాడు. అడగాల్సిన ప్రశ్నే.

నా దిగులల్లా మనం అతణ్ణి చూసే చూపు గురించే. రంగు చూసి గుసగుసలు పోకండి, అడగకుండా ఫొటోలు తీయకండి. అతని ఖండపువాడు మన ఊరిని ఏలాడని చెప్పి, కూర్చోబెట్టి ఉగ్గాని బజ్జీ పెట్టండి.