శుభ్రతకూ ఒక కొలత

గురిపోటీల్లో వాడే .22 పిస్తోలును ఎంత తరచుగా శుభ్రం చేయాలి, ఎప్పుడు విడదీయాలి అన్న ప్రశ్న చిన్నదిగా కనిపించినా, పనిముట్టుతో మనిషికి ఉండవలసిన అనుబంధాన్నే అది పరీక్షిస్తుంది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో హైదరాబాదు క్రీడాకారిణి ఈషా సింగ్ వ్యక్తిగత రజతం, జట్టు స్వర్ణం సాధించిన 25 మీటర్ల పిస్తోలు పోటీలో వాడేది ఈ .22 తూటానే. నిప్పంటించే మందు తూటా అడుగున నడిమధ్య కాక అంచులో ఉంటుంది కనుక దీన్ని రిమ్‌ఫైర్ అంటారు.

పేలిన ప్రతిసారీ మసి, గుండుకు పూసిన మైనం, సీసపు పొడి కలిసి, తూటా కూర్చునే ఛాంబరు అంచున నల్లటి ఉంగరంలాగా, ఖాళీ తొడుగును బయటికి లాగే కొక్కెం కింద గట్టి ముద్దలాగా పేరుకుంటాయి. అందువల్ల సాధన ముగిశాక, ఆయుధం ఖాళీగా ఉందని కళ్లారా నిర్ధారించుకుని ఈ భాగాలను తుడవడం, ఆపై సీసం అంటిన చేతులు కడుక్కోవడం నిత్యవిధి కావాలి. గొట్టం సంగతి వేరు. మెత్తటి సీసం దాన్ని అంతగా అరగదీయదు, మూతి అంచుకు శుభ్రం చేసే కడ్డీ రాసుకుంటే మాత్రం గురే చెడుతుంది కాబట్టి, అవసరమైనప్పుడు వెనుకవైపు నుంచి గుడ్డ లాగితే చాలు. ట్రిగ్గరు లోపలి భాగాలను విడదీయడం తయారీదారు చెప్పిన గడువులో, నిపుణుడి చేతుల్లో జరగడమే క్షేమం.

వానలు అరుదైన గుంతకల్లు వంటి అనంతపురం మెట్టనేలల్లో, గాలికి లేచిన దుమ్ము, తుడిచాక పూసిన నూనెతడికి అంటుకుని లోహాన్ని అరగదీస్తుంది గనుక అక్కడ నూనె పలుచని పొరను మించకూడదు. ఎక్కడ చెయ్యి వేయాలో తెలియడం నైపుణ్యమైతే, ఎక్కడ వేయకూడదో తెలియడం వివేకం.