పిజ్జాకు టమాటా సాసు



పిజ్జా యను పేరు వినినంతనే మన యిండ్లలో పెద్దలు ముఖము చిట్లింతురు; పిల్లలు చప్పట్లు చరతురు. ఈ ఇరువురి నడుమ నిలిచి వండవలసినది గృహిణి. పిజ్జా యనగా గోధుమపిండి రొట్టె. దానిపై పూయు టమాటా సాసే దానికి ప్రాణము. బజారున సీసాలలో దొరకు తీపి కెచప్పు వేరు, ఈ సాసు వేరు. అందు చక్కెరయు వెనిగరును మెండు. ఇందు పండే ప్రధానము. ఇది మనకు పరాయి విద్య కాదనియు, పండు చవుకగా నున్న దినములలో దీనిని చేసి దాచుకొనుట సంసారమునకు మేలనియు నా మనవి.

టమాటా జన్మభూమి అమెరికా ఖండము. 16వ శతాబ్దమున స్పెయిను దేశీయులు దానిని ఐరోపాకు గొనిపోయిరి. ఇటలీవారు దానికి బంగారుపండు అను నర్థముగల పేరిడిరి. ఐనను విషపుమొక్కలకు చుట్టమని చాలకాలము తినుటకు జంకిరి. మన తెలుగువారు దానిని రామములగ యనిరి, సీమవంకాయ యనిరి. వంగ, టమాటా ఒకే కుటుంబపు మొక్కలని వృక్షశాస్త్రము చెప్పుచున్నది. మన పూర్వులు పెట్టిన పేర్లలోనే ఆ చుట్టరికము కనబడుచున్నది. నేటికిని మా యింట తద్దినపు వంటలో టమాటాకు తావు లేదు. తక్కిన దినములలో మాత్రము అది లేక పప్పును లేదు, చారును లేదు.

మిరపయు నట్లే సముద్రము దాటి వచ్చినదే. మా ముక్త్యాల చుట్టుపట్ల మెరకపొలములలో పత్తితోపాటు మిరప పండును. కల్లములలో ఎర్రగా ఆరబోసిన కాయలను చూచినవారెవ్వరును ఇది పోర్చుగీసువారి యోడలలో వచ్చిన యతిథి యని తలపరు. పిజ్జాకు పుట్టినిల్లగు నేపుల్సు నగరమున 1690ల దశకములో అంతోనియో లతీని యను వంటపెద్ద ఒక పాకశాస్త్ర గ్రంథమును అచ్చు వేయించెను. అందలి టమాటా సాసు విధానమిది: పండ్లను నిప్పులపై కాల్చి, తోలు తీసి, సన్నగా తరిగి, ఉల్లిపాయ, మిరప, ఉప్పు, నూనె, వెనిగరు కలుపవలెను. వంకాయను కుంపటిపై కాల్చి పచ్చడి చేయు తెలుగు ఇల్లాలికి ఇందు కొత్త యేమున్నది?

మా పెద్దమ్మాయి బడిలో తోడిపిల్లల మాటలు విని యీ వంటకమును కోరినది. బజారునుండి తెప్పించుటకు రెండు అడ్డంకులు. ఉపాధ్యాయుని జీతము ఒకటి. బయటివంట ముట్టని మా అత్తగారు రెండవది. పిల్లలు ఒకటి తినుచుండగా నాయనమ్మ వేరుగా కూర్చుండుట మా యింట ఎన్నడును లేదు. ఈ రొట్టెతో అది మొదలగుట నాకు సమ్మతము కాలేదు. ఇంటనే చేయబూనితిని. ఆమె వంటింటి గడపలో నిలిచి చూచుచు, "ఏమే అమ్మాయ్, అందులో ఏం వేస్తున్నావు?" అని యడిగిరి.

"టమాటాలు, ఉప్పు, నూనె, ఎండుమిరప. అంతే అత్తయ్యగారూ. వెల్లుల్లి వెయ్యలేదు."

"ఓసి, ఇది పచ్చడే కదే! పోపు ఒక్కటే లేదు. ఆ ఇత్తడిగిన్నె తీసి రాచ్చిప్పలో పెట్టు. పులుపు చిలుమెక్కుతుంది."

ఆ మాట అక్షరాల నిజము. కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రలను పులుపు తినివేయును. అల్యూమినియమును పనికిరాదు. రాచ్చిప్ప కాని స్టీలుగిన్నె కాని మేలు.

ఇక విధానము వినుడు. బాగుగా పండి, కండ మెండుగానున్న కోలపండ్లు ఒక కిలో తీసికొనవలెను. అడుగున కత్తితో గాటు పెట్టి, మరుగునీటిలో ఒక నిమిషముంచి, చన్నీటిలో వేసినచో తోలు సులభముగా వచ్చును. పిమ్మట చేతితోనో పప్పుగుత్తితోనో మెదుపవలెను. మిక్సీలో నురగ వచ్చునట్లు త్రిప్పినచో గాలి చేరి రంగు వెలియును. రెండు పెద్ద చెంచాల నూనె కాచి, వెల్లుల్లి తినువారు నాలుగు రేకలు చితుకగొట్టి వేసికొనవచ్చును. కచ్చాపచ్చాగా దంచిన ఎండుమిరప అరచెంచా వేసి, వెంటనే గుజ్జు పోయవలెను.

టమాటాలో నూటికి సుమారు 94 పాళ్లు నీరే. సాసు చేయుట యనగా ఆ నీటిని తొందరపడక పంపివేయుటయే. మూత పెట్టక చిన్నమంటపై సుమారు 40 నిమిషములు ఉడికింపవలెను. గరిటెతో అడుగున గీచినచో ఆ గీత వెంటనే పూడకున్న యెడల పాకము వచ్చినట్లు. పులుపు మిక్కుటమైన చిటికెడు బెల్లము వేయవచ్చును. పండు ఎరుపునకు కారణమగు లైకోపీను అను పదార్థము, ఉడికించి నూనె చేర్చినప్పుడు దేహమునకు అధికముగా పట్టునని పరిశోధకులు చెప్పుదురు.

ఇటలీవారు ఇందు వేయు బేసిలు అను ఆకు మన రుద్రజడయే. వేసవిలో నానబెట్టి త్రాగు సబ్జాగింజలు దానివే. దించు ముందు నాలుగాకులు త్రుంచి వేసిన చాలును. ఒరెగానో లేదని చింతింపక, చిటికెడు వాము నలిపి చల్లుడు. వాసన దానికి దగ్గరగానే యుండును.

ఓవెను లేకున్నను పిజ్జా ఆగదు. రొట్టెను దళసరి ఇనుప పెనముపై ఒకవైపు కాల్చి, త్రిప్పివేసి, కాలినవైపున సాసును పలుచగా పూయవలెను. మెండుగా పూసిన రొట్టె నానిపోవును. పైన చీజు తురుము చల్లి, మూతపెట్టి, సన్నసెగపై 5, 6 నిమిషములుంచిన చాలును. కొన్ని చీజులలో దూడపొట్టనుండి తీసిన రెన్నెటు అను పదార్థము కలియును. కావున శాకాహారులు పొట్లముపై పచ్చచుక్క చూచి కొనవలెను. ఆ సాయంకాలము మా అత్తగారు పిల్లల వరుసలోనే కూర్చుండి ఒక తునక తిని, "రొట్టె మందం, సాసు బాగుంది" అని తీర్పు చెప్పిరి.

దాచుటలో ఒక హెచ్చరిక. ఊరగాయను ఉప్పు, కారము, నూనె కాపాడును. సాసునందు అవి స్వల్పము. కావున జాడీకెత్తి అటక ఎక్కింపరాదు. నూనె తేల్చి బయట నుంచుట మరింత అపాయము; గాలి తగులని చోటనే పెరిగి విషము పుట్టించు సూక్ష్మజీవులు కలవు. ఫ్రిజ్జులో నాలుగైదు దినములు నిలుచును. గడ్డకట్టు అరలో చిన్నచిన్న డబ్బాలకెత్తినచో మూడు నెలలకు పైగా చెడదు.

2023 జూలైలో టమాటా కిలో 100 రూపాయలు దాటినది. రైతుబజారులలో ప్రభుత్వము 50 రూపాయల వంతున అమ్మించెను. మరికొన్ని వేళల మదనపల్లె, పత్తికొండ అంగళ్లలో ధర పడిపోయి, కోతకూలియు గిట్టక రైతులు పండ్లను బాటపై పారబోసిన వార్తలు మనము చదువుచునే యున్నాము. మనము కొను నాలుగు కిలోలు ఆ రైతు కష్టమును తీర్చునని నేననను. కాని నేలపాలగు పండులో కొంత మన గిన్నె చేరును. ధర మండిపడు దినమున మన చేయి అంగడివాని ముందు చాచనక్కరలేదు. పప్పులోను, కూరలోను సయితము ఈ సాసు రెండు గరిటెలు వేసికొనవచ్చును గదా.

కావున చలికాలపు పండు చవుకైనప్పుడు నాలుగు కిలోలు తెప్పించి, వారమున కొక కిలో వంతున చేసి చూడుడు. ఉప్పు మాత్రము చివర వేయుడు. ముందే వేసితిరా, నీరు ఇంకినకొలది అది మితిమీరును.