ముందు షిఫ్ట్ అడుగు, తర్వాత పేరు

మా గోదావరిఖనిల అంగన్‌వాడీ నడపాలంటే, పిల్లగాని పేరు కన్నా ముందు వాళ్ల నాయిన బొగ్గుబాయికి ఏ షిఫ్ట్ పోతున్నడో తెలుసుకోవాలె. ట్రైనింగ్‌ల ఈ ముచ్చట చెప్పరు. ఐసీడీఎస్ 1975 అక్టోబర్ 2న 33 ప్రాజెక్టులతోని మొదలైందని చెప్తరు, ఆరు సేవలు అప్పజెప్పమంటరు. అది పరీక్షకు పనికొస్తది. పొద్దుగాల చాప పరిచినంక పనికొచ్చేది షిఫ్టే.

నాయిన ఫస్ట్ షిఫ్ట్ పోతుంటే తల్లి తెల్లారకముందే లేచి టిఫిన్ డబ్బా కడ్తది. ఆ చప్పుడుకు పోరడు లేస్తడు, పదింటికల్లా కండ్లు మూతలు పడ్తయి. వాన్ని పాటకు నిలబెడితే ఏడుస్తడు. నువ్వు మొండోడు అనుకుంటవ్. వానికి నిద్రొస్తాంది, అంతే. నైట్ షిఫ్టోళ్ల ఇండ్లల్ల కథ వేరే. రెండర్రల క్వార్టర్ల మనిషి పగలు పడుకోవాలె, పిల్లగాడు గొంతు లేపొద్దు. అసొంటోడు సెంటర్ల అడుగు పెట్టంగనే ఒర్లుడు మొదలుపెడ్తడు. కొత్త టీచర్ ఉష్ అని వేలు చూపిస్తది. ఆ పని చెయ్యకు చెల్లె, వాన్ని ముందు బయటికి తోలు, పావుగంట దుంకనియ్యి. సెకండ్ షిఫ్ట్ వారమైతే పిల్లలు ఆలస్యంగ వస్తరు, లేకుంటే రానే రారు. నాయిన మెలకువతోని ఇంట్ల కనవడేది ఆ పొద్దటి పూటనే కదా, హాజరు తగ్గిందని ఇంటికి పోయి తిట్టకు. వారం మారితే షిఫ్ట్ మారుతది, లెక్క మళ్ల మొదటికొస్తది.

ఈ లెక్క నాకు నేర్పింది మా ఆయమ్మ. ఆమె పెనిమిటి ఫిల్లర్, తట్ట, చెమ్మస్ పట్టి బొగ్గు నింపిన కాలం మనిషి. కాలనీల ఏ తలుపు ఎప్పుడు కొట్టాలెనో, ఎప్పుడు కొట్టొద్దో ఆమెకు నోటికే వచ్చు. ఆమె చెప్పినంకనే నేను హాజరు పట్టీల పేర్ల పక్కన ఒకటి, రెండు, మూడు అని రాసుకునుడు మొదలుపెట్టిన. పెన్సిల్‌తోనే రాయాలె, వారం వారం చెరపాలె గద. ఒకసారి తనిఖీకి వచ్చిన మేడం ఆ అంకెలు చూసి బీరిపోయింది. అప్పట్ల పోషకాహార లోపాన్ని గ్రేడ్లల్ల రాసేటోళ్లం. సగం సెంటర్ మూడో గ్రేడ్ల ఉందనుకున్నది పాపం! సంగతి చెప్తే నవ్వి, పక్క సెంటర్లకు కూడ గట్లనే రాయమని చెప్పింది.

ఇగ తూకం. మన పనిల అసలుది ఇదే, అందరు తొందరపడేది కూడ ఈడనే. సాల్టర్ కాటా కొక్కేనికి తగిలిచ్చి పిల్లను సంచిల కూసోబెడితే కాళ్లు కొట్టుకుంటది, ముల్లు ఆగదు. ఆగని ముల్లును అందాజగ రాయకు. తల్లిని పిల్లతోని పెద్ద కాటా ఎక్కించు, తర్వాత తల్లిని ఒక్కదాన్నే ఎక్కించు, తీసేస్తే పిల్ల బరువు వస్తది. స్వెట్టర్, కాళ్ల కడియాలు తీయించు. మొలతాడు విప్పనియ్యని నాయినమ్మలుంటరు, వాళ్లతోని పంచాది పెట్టుకోకు. జబ్బ కొలిచే టేప్ ఎడమ చేతికి, భుజానికీ మోచేతికీ సరిగ్గ నడుమ పెట్టాలె. గుంజొద్దు, వదులుగ ఇడువొద్దు. 12.5 సెంటీమీటర్ల కన్నా తక్కువొస్తే కన్నేసి పెట్టు. 11.5 కన్నా తక్కువొస్తే ఆ రోజే ఏఎన్‌ఎంకు ఫోన్ చెయ్యి, రేపనకు. నాకు పని నేర్పిన పాత టీచరమ్మ ఇంకో మాట చెప్పేది: చార్టుల పసుపు రంగుల పడ్డ పిల్లను అందరు చూస్తరు, ఆకుపచ్చలనే ఉండి నెలల తరబడి గీత లేవని పిల్లను నువ్వు చూడాలె అని. ఆ మాట ఇప్పటికీ నా చేత పని చేయిస్తది. 2021ల పోషణ్ ట్రాకర్ వచ్చినంక గీత ఫోన్లనే కనవడ్తది గని, పిల్ల దిక్కు చూసుడు మాత్రం ఫోన్ చెయ్యదు.

బాలామృతం ప్యాకెట్ రెండున్నర కిలోలు. ఏడు నెలల నుంచి మూడేండ్ల లోపు పిల్లలకు ఇస్తం. గోధుమలు, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె ఉంటయి కాబట్టి పెద్దోళ్లకు కూడ రుచే. గదే తిప్పలు. ఒక ఇల్లాలు లడ్డూలు కట్టి పెనిమిటి నైట్ షిఫ్ట్ డబ్బాల పెట్టి పంపుతున్నదని తెలిసింది. నేను ఆమెను ఏమనలే. మరుసటి ప్యాకెట్ ఇచ్చే రోజు ఆయననే రమ్మన్న. బిడ్డను తూకమేసి ముల్లు ఆయనతోనే చదివిచ్చిన, పోయిన నెల అంకె పక్కన పెట్టిన. ఇన్నేండ్లు బొగ్గు టబ్బులు లెక్కవెట్టిన మనిషికి గ్రాముల లెక్క ఎవరు చెప్పాలె? ఏం మాట్లాడకుండ ప్యాకెట్ సంకల పెట్టుకొని పోయిండు. మరుసటి నెల గీత లేచింది. నా చేతిల పని ఉందని నాకు నమ్మకం కుదిరింది ఆనాడే.

ఆరోగ్యలక్ష్మి పథకం 2015 జనవరి 1న మొదలైంది. గర్భిణులు, బాలింతలు అన్నం, పప్పు, కూర, గుడ్డు తిని 200 మిల్లీలీటర్ల పాలు తాగి పోవాలె, అది కూడ సెంటర్లనే. గుడ్లు ఉడకవెట్టే ముందు నీళ్లల్ల ఏసి చూడు, తేలింది పారెయ్యి. అంతకన్నా పెద్ద పని కోడండ్లను కూసోబెట్టుడు. "ఇంటికి కొంచపోత టీచర్, అత్త ఒక్కతే ఉన్నది" అని డబ్బా తీస్తరు. డబ్బాల పోయిన గుడ్డు కోడలి నోటికి చేరది. అందుకని అత్తనే పిలుస్త, కూరగాయలు కోయిస్త. ఆమె కండ్ల ముందట తిన్నదానికి ఇంట్ల ఎవరు మాటనరు.

ఆటల గురించి గిజుభాయి బధేకా రాసింది చదివిన, ట్రైనింగ్ పుస్తకాలన్ని చదివిన. గని మా పిల్లలు ఇంటికాడి నుంచి తెచ్చుకునే బాయి ఆట ఎవరు రాయలే. ఒకడు మస్టర్ ఏస్తడు, ఒకడు సర్దార్, మిగిలినోళ్లు బెంచి కిందికి దిగుతరు. సర్దార్ కట్టెతోని బెంచిని కింది నుంచి కొట్టి చెవి పెడ్తడు. అసలు బాయిల రూఫ్ గట్టిగున్నదా, పొర ఇడిసిందా అని చూసేది గట్లనే. "బోలు మోగుతాంది, బయటికి రార్రి!" అంటే అందరు ఉరుకుతరు. కొత్తగ వచ్చిన టీచర్ ఒకామె ఇదేం ఆటని బెంచి తీయిచ్చింది. నేను మళ్ల పెట్టిచ్చిన. ఆ ఆటలకెల్లే ఇంకోటి తీసిన: కండ్లు మూసుకొని కుండ, ఇటుక, రేకు డబ్బా, తలుపు కొడితే ఏది మోగిందో చెప్పాలె. చెవి గట్ల తయారైన పిల్లలకు 'ప' ఏదో 'బ' ఏదో తొందరగ దొరుకుతది. ఒక పిల్లగాడు మాత్రం ఎన్నడు బెంచి కిందికి దిగలే. వాళ్లింట్ల ఏం జరిగిందో కాలనీకంత ఎరికే. వానికి మస్టర్ కొలువు పర్మినెంట్ చేసిన.

జీతం సంగతి అడుగుతవ్. దాన్ని జీతమనరు, గౌరవ వేతనమంటరు. సింగరేణి లాభాల వాటా పడ్డ రోజు మాకు స్వీట్లు అందుతయి. 2022 ఏప్రిల్‌ల సుప్రీంకోర్టు మనకు గ్రాట్యుటీ హక్కు ఉన్నదని చెప్పింది. 2023 సెప్టెంబర్‌ల రాష్ట్రమంత సమ్మెకు దిగినం. టెంట్ ఎక్కడెయ్యాలె, మైకు ఎటు తిప్పాలె అని చెప్పేందుకు మా దగ్గర సమ్మెలు చేసి చేసి రిటైరైన ఫిల్లర్లకు కరువా!

ఐతారం నాతోని రావాలంటే చెప్పు. ఆ రోజు పోయేది ఇటుక బట్టీలకు. మా పెద్దపల్లి జిల్లా బట్టీలకు చలికాలంల ఒడిశా నుంచి కుటుంబాలకు కుటుంబాలే వస్తయి. తల్లి మట్టి తొక్కుతాంటే చంటిది ఇటుకల నీడకు పండుకుంటది. వాళ్ల మాట నాకు సరిగ్గ రాదు, అండా అంటే మాత్రం పిల్లలు ఉరికొస్తరు. పోంగనే రిజిస్టర్ తీసి ఆధార్ అడిగితే మొగోళ్లు అనుమానంగ చూస్తరు. ముందు టేప్ తియ్యి, జబ్బ కొలువు, కాగితాలు తర్వాత. తొలకరి పడంగనే వాళ్లు మూట గట్టుకొని రైలెక్కుతరు. మన రిజిస్టర్ల రాసింది వాళ్ల ఊరి అంగన్‌వాడీ అక్కకు కనవడది. అందుకే మే నెలల ఒకసారి తప్పకుండ పోవాలె. టీకాల కార్డు మీద ఆఖరి బరువు, తారీఖు రాసి, పాలిథిన్ సంచిల చుట్టి తల్లి చేతికియ్యాలె.