లెక్కలో లేని అమానతు

గత సంవత్సరం సఫర్ మాసంలో మేము ఇల్లు మారాము. కర్నూలు పాతబస్తీలో ఎన్నో ఏళ్లుగా అద్దెకున్న మేడ పైభాగాన్ని ఖాళీ చేసి, హంద్రీ వంతెన దాటి కల్లూరు వైపు ఒక చిన్న ఇంటికి చేరాము. “సఫర్‌లో ఇల్లు మారతారా మౌల్వీ సాబ్?” అని మా వీధిలో ముగ్గురు నలుగురు అడిగారు. ఆ నెలకు అశుభం అంటగట్టే నమ్మకాన్ని దైవప్రవక్త (సఅసం) త్రోసిపుచ్చారని ఏళ్ల తరబడి పాఠం చెబుతున్నవాణ్ణి. ఆయన మక్కా విడిచి బయలుదేరింది సఫర్ చివరి దినాల్లోనేనని పలువురు సీరత్ రచయితలు వ్రాశారు కూడా. పైగా మా పేటలో ఆ నెల ట్రాలీ ఆటోలకు గిరాకీ తక్కువ. బాడుగలో కొంత కలిసివచ్చింది.

సామాను సర్దే విషయంలో నాకు కాస్త గర్వం ఉండేదని ఒప్పుకోవాలి. పదిహేను రోజుల ముందే ఒక నోటుపుస్తకం తెరిచాను. ప్రతి అట్టపెట్టెకు ఒక నంబరు, దానికి ఎదురుగా అందులోని వస్తువులు, అది చేరవలసిన గది. కితాబులను చిన్న పెట్టెల్లోనే సర్దాను. పెద్ద పెట్టెను పుస్తకాలతో నింపితే దాని అడుగు ఊడుతుంది, హమాలీ నడుము పడిపోతుంది. మంచాల నట్లు, బోల్టులు గుడ్డసంచిలో వేసి ఏ మంచానివి ఆ మంచం కోడుకే కట్టాను. ఖుర్ఆన్ ప్రతులను శుభ్రమైన గుడ్డలో చుట్టి మా అమ్మాయి చేతికిచ్చాను. బండిలో చివర ఎక్కి, మొదట దిగవలసిన సంచి ఒకటి వేరుగా పెట్టాము: జానమాజులు, నా బి.పి. మాత్రలు, టీపొడి, చక్కెర, ఒక గిన్నె, గ్లాసులు, అగ్గిపెట్టె, ఒక బల్బు. ఈ సంచి చేతికందితే మిగతా సామాను రెండు రోజులు కట్టు విప్పకపోయినా సంసారం ఆగదు.

పరుపులు, బొంతలు పెట్టెల్లో పట్టవు గనుక మూటలు కట్టించి, “మూటలు 11” అని ఒక్క వరుసలో వ్రాసి వదిలేశాను. వాటిలో అటక మీది పాత బొంతల మూటను, దూది ఏకి మళ్లీ కుట్టడానికి ఆ ఉదయమే పరుపుల దుకాణానికి పంపించాను.

ట్రాలీలో వెళ్తూ మా అబ్బాయికి హిజ్రత్ ప్రయాణం ఎంత పకడ్బందీగా జరిగిందో చెప్పాను. హజ్రత్ అబూబక్ర్ (రజి) రెండు ఒంటెలను నాలుగు నెలల ముందునుంచే మేపి సిద్ధం చేయడం, సౌర్ గుహలో గడిపిన మూడు రాత్రులూ ఆయన కుమారుడు మక్కా కబుర్లు చేరవేయడం, ఆమిర్ బిన్ ఫుహైరా (రజి) మేకల మందను అటువైపు తోలుకువచ్చి పాలు అందించడం, హజ్రత్ అస్మా (రజి) తన నడికట్టును చీల్చి భోజనపు సంచి మూతి కట్టడం, దారి తెలిసిన మనిషిని, అతడు ముస్లిం కాకపోయినా, నమ్మకస్తుడని కూలికి కుదుర్చుకోవడం అన్నీ చెప్పాను. అంతలో మా వీధి మలుపు వచ్చింది. చెప్పవలసిన ఒక సంగతి మిగిలిపోయింది.

అస్ర్ వేళకు 43 నంబర్లకూ టిక్కులు పడ్డాయి. మగ్రిబ్ తరువాత మా ఇంటావిడ దగ్గరికి వచ్చి, పిల్లలు వినకుండా అడిగింది: “ఖాలా డబ్బా ఎన్నో నంబరులో పెట్టారండీ?”

నా కాళ్లలో సత్తువ పోయింది.

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచెత్తిన సంగతి ఈ ప్రాంత పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. మా కింది వాటాలో ఒంటరిగా ఉండే వృద్ధురాలి ఇల్లు పూర్తిగా మునిగింది. నీళ్లు తీశాక, మిగిలిన నాలుగు గాజులు, ఒక గొలుసు, ఇంటిస్థలం కాగితాలు ఒక బిస్కెట్ డబ్బాలో పెట్టి, ఆకుపచ్చ గుడ్డలో ముడివేసి, “బేటా, నువ్వు పై అంతస్తులో ఉంటావు, నీ దగ్గరే ఉండనీ” అని నాకు అప్పగించింది. నేను దాన్ని అటక మీద బొంతల మడతల్లో దాచాను. ఎవరికీ తెలియకూడదని ఎక్కడా వ్రాయలేదు. అప్పును వ్రాసి పెట్టుకొమ్మని చెప్పే అల్ బఖరా 282వ ఆయతు ఖుర్ఆన్‌లోకెల్లా పెద్దదని ప్రతి సంవత్సరం పిల్లలకు చెప్పేవాణ్ణి నేనే.

అప్పటికప్పుడు పాతబస్తీకి పరుగెత్తాను. దుకాణానికి తాళం. యజమాని ఇల్లు ఎక్కడో ఎవరికీ తెలియదు. ఇషా నమాజులో ఏ సూరా చదివానో నాకే గుర్తులేదు.

ఆ రాత్రి నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఖుదూరీలోని వదీఅత్ ప్రకరణాన్ని నా పక్షాన వాదించడం మొదలుపెట్టాను. అమానతు దాచినవాని నిర్లక్ష్యం లేకుండా పోతే పూచీ లేదు. నిజమే. తన ఇంటివారి దగ్గర ఉంచితే తప్పు లేదు. అదీ నిజమే. కానీ పరాయివాని చేతికి వెళ్తే పూచీ పడుతుంది, ఇంటికి నిప్పంటుకొని పొరుగువానికి అందించడంవంటి అత్యవసరంలో తప్ప. నా ఇంటికి నిప్పంటుకోలేదు, ఇల్లు మారానంతే. పక్కనుంచి మా ఇంటావిడ, “ఇప్పుడే వెళ్లి ఖాలాతో చెప్పండి” అంది. “తెల్లవారనీ, దొరికితే చెప్పే అవసరమే ఉండదు” అన్నాను. ఆమె మరి మాట్లాడలేదు. ట్రాలీలో అబ్బాయికి చెప్పకుండా మిగిలిపోయిన సంగతి అప్పుడు గుర్తుకు వచ్చింది. ప్రాణం తీయడానికి జనం ఇంటిచుట్టూ కాపువేసిన రాత్రి కూడా దైవప్రవక్త (సఅసం) మక్కావాసుల అమానతులను మరువలేదు. వాటిని యజమానులకు ముట్టజెప్పడానికి హజ్రత్ అలీ (రజి)ని వెనుక ఉంచి వెళ్లారు. అది పూర్తిచేసిన తరువాతే ఆయన మదీనా బయలుదేరారు.

ఫజ్ర్ తరువాత దుకాణం అరుగుమీద కూర్చున్నాను. యజమాని వచ్చి తాళం తీస్తూనే, “మౌల్వీ సాబ్, నిన్న మూట విప్పగానే కనబడింది. మీ ఫోన్ నంబరు లేదు, పాత ఇంటికి మనిషిని పంపితే తాళం వేసి ఉందన్నాడు” అని గల్లాపెట్టె అడుగునుంచి డబ్బా తీసి ఇచ్చాడు. ముడి వేసినది వేసినట్లే ఉంది. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు.

ఆ వారమంతా సామాను విప్పుతూ ఇంట్లో మావి కానివి ఇంకా ఏమేమి ఉన్నాయో వెతికాను. పొరుగువారు దావత్ కూర పంపిన డేగ్చీ, సహోపాధ్యాయుని పేర గ్రంథాలయంనుంచి తెచ్చిన రెండు కితాబులు, మదరసా చందా రసీదు పుస్తకం సగం వాడినది, ఎదురింటివారు ఊరెళ్తూ ఇచ్చిన తాళంచెవి. అన్నీ ఏవో నంబర్ల పెట్టెల్లో మా సామానుతో కలిసిపోయి ఉన్నాయి. ఇల్లు మారేవారు అట్టపెట్టెలు కొనకముందే ఇటువంటివాటిని ఏరి, ఇవ్వదగినవి ఇచ్చివేసి, మిగిలినవాటిని చేతిసంచిలో తమ వెంట ఉంచుకొంటే మంచిదని ఇప్పుడు అడిగినవారికీ అడగనివారికీ చెబుతున్నాను.

దుకాణంనుంచి ఆ ఉదయమే నేరుగా ఖాలా దగ్గరికి వెళ్లాను. డబ్బా ముందు పెట్టి, “నిన్న రాత్రంతా ఇది నా దగ్గర లేదు ఖాలా” అని జరిగినదంతా చెప్పాను. ఆమె ముడి విప్పి, గాజులు లెక్కపెట్టి, గొలుసు అరచేతిలో వేసుకొని కొంతసేపు చూసింది.

“అటక మీద పెట్టావా? ఇన్నేళ్లూ బీరువాలో ఉందనుకున్నాను బేటా.”

జవాబు చెప్పలేకపోయాను. కొంతసేపటికి ఆమే, “బంగారం నీ దగ్గరే ఉండనీ, కాగితాలు మాత్రం మా అల్లుడికి ఇస్తాను” అంది. నేను అక్కడే ఒక కాగితం మీద వస్తువుల వివరం, తేదీ వ్రాసి, వీధిలోని ఇద్దరు పెద్దలను పిలిచి సాక్షి సంతకాలు చేయించి ఆమెకిచ్చాను. ఆమెకు చదవడం రాదు. చేతికందినచోట, పాన్‌దాన్‌లో తమలపాకుల కింద, దాన్ని మడిచి పెట్టుకొంది.