మీటరు కేబులు



ఈ వారం పాఠ్యపుస్తకాల్లో కులం గురించి రాస్తానని కిందటి భాగం చివర్లో మాటిచ్చాను. అది వచ్చేవారానికి వాయిదా. నెలన్నరగా నా కారులో వస్తున్న ఒక కీచు శబ్దం పోయిన ఆదివారం ఆగింది. అది ఆగాక ఇంట్లో ఒక మాట బయటికొచ్చింది. ఆ మాట రాయకుండా ఇంకేదీ రాయలేకపోతున్నాను.

నాది 1999 మోడల్ మారుతి 800. ముగ్గురి చేతులు మారి నా దగ్గరికొచ్చింది. రోజూ భోగాపురంలో హైవే ఎక్కి, నాతవలస దగ్గర దిగి, డెంకాడ మీదుగా విజయనగరం కాలేజీకి పోతాను. మా పక్కనే విమానాశ్రయం. 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మేలో ఇంకోసారి, రెండు ప్రభుత్వాల చేత రెండు శంకుస్థాపనలు చేయించుకున్న విమానాశ్రయం. ఆ పనులు మొదలయ్యాక రోడ్డంతా టిప్పర్ల మోత. ఆ మోతలో కూడా నా కారు కీచు నాకు వినపడేది.

మొదట్లో పొద్దుటి చలిలోనే వచ్చేది. డ్యాష్‌బోర్డు వెనక పిచ్చుక పిల్ల దూరి అరుస్తున్నట్టు. ముప్ఫై దాటితే మొదలు. వేగం పెరిగేకొద్దీ కిచకిచలు దగ్గరదగ్గరై, అరవై దగ్గర ఒకటే కీచు. దాంతోపాటు స్పీడు మీటరు ముల్లు ముప్ఫైకీ యాభైకీ మధ్య పూనకం వచ్చినట్టు ఊగేది. అరగంట నడిస్తే కొంచెం తగ్గేది. తగ్గిందిలే అని నేనూ మర్చిపోయేవాణ్ణి.

శబ్దం మొదలైన వారంలోనే మా అయ్యని బీపీ చూపించడానికి విజయనగరం తీసుకెళ్ళాను. ఎడమ సీట్లో కూర్చున్నాడు. హైవే ఎక్కీ ఎక్కకముందే అన్నాడు:

"ఏటిరా ఆ సప్పుడు? మీటరు కేబులు ఎండిపోనాది. గ్రీసు అడుగుతంది. ఇప్పుడు పెట్టకపోతే తెగిపోద్ది."

"చూపిస్తాలే అయ్యా" అన్నాను.

చూపించాను, గ్యారేజీలో. మా అయ్య చెప్పిన మాట మాత్రం అక్కడ చెప్పలేదు. మొదటి గ్యారేజీలో ముందు ఎడమ చక్రం బేరింగన్నారు, మార్చారు. శబ్దం పోలేదు. రెండోచోట డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్కు కొట్టుకుంటోందని సందుల్లో స్పాంజి ముక్కలు కుక్కారు. మూడోచోట మీటరు మొత్తం మార్చాలన్నారు, పాత బండి కదా సామాను దొరకడం కష్టమన్నారు. అప్పటికే నాలుగువేల చిల్లర అయిపోయింది. వాళ్ళని తిట్టను. నేను వాళ్ళకి సరైన లక్షణం చెప్పలేదు. ముల్లు ఊగుతోందన్న సంగతి మొదటి రెండుచోట్లా చెప్పనేలేదు.

మా అయ్య మాట ఎందుకు చెప్పలేదని మీరు అడగొచ్చు. అతను అంబాసిడర్ నడిపిన మనిషి, అదీ ఎప్పుడో, మారుతికి అది పనికిరాదు అనుకున్నానని చెప్పుకోవచ్చు. కానీ అది అబద్ధం. అతనికి తెలిసినదాన్ని నేను తెలివి కింద లెక్కేయలేదు. అంతే.

పోయిన ఆదివారం పొద్దున్న అతనే కారెక్కి కూర్చున్నాడు. "పద, సర్వీసు రోడ్డు మీదకి పోనీ" అన్నాడు. ఖాళీ రోడ్డు చూసి నలభైలో నడిపించాడు. కీచు మొదలైంది. "నూట్రల్ చెయ్యి, ఇంజను ఆపకు." చేశాను. ఇంజను చప్పుడు పడిపోయింది గానీ కీచు అలాగే ఉంది. కారు నెమ్మదించేకొద్దీ అదీ నెమ్మదించింది. ఆగిపోగానే ఆగిపోయింది. "ఇప్పుడు రేజు చెయ్యి." నిలబెట్టిన కారులో ఎంత రేజు చేసినా కీచు లేదు. అంటే ఇంజనుది కాదు, చక్రాలతో పాటు తిరిగేదేదో. మళ్ళీ నడిపించి స్టీరింగు కొంచెం అటూ ఇటూ తిప్పమన్నాడు. బేరింగు పోతే బరువు ఒక పక్కకి పడగానే దాని మోత మారుతుందట. ఇది మారలేదు.

"బేరింగు పోతే మీటరు ముల్లెందుకు గెంతుతాదిరా? సప్పుడూ ముల్లూ ఒక్కసారే గెంతుతన్నాయి, సూడు" అన్నాడు.

చూశాను. నిజమే. నెలన్నరగా నా కళ్ళెదురుగానే ఉంది.

ఈ వ్యాసం రాస్తానంటే మా అయ్య ఒప్పుకున్నాడు గానీ, గ్రీసు సంగతి తప్పుల్లేకుండా రాయాలని షరతు పెట్టాడు. కాబట్టి కాస్త ఓపిక పట్టండి. పాత కార్లున్నవాళ్ళకి పనికొస్తుంది కూడా.

గేరు బాక్సులో ఒక చిన్న పళ్ళ చక్రం ఉంటుంది. చక్రాలు తిరిగే లెక్కన అదీ తిరుగుతుంది. దాని నుంచి డ్యాష్‌బోర్డు దాకా వచ్చేదే కేబులు. పైన తొడుగు, లోపల సన్నటి ఉక్కు తీగల్ని పేనిన తాడు. తాడు చివరలు గాడిలో జారకుండా నాలుగు పలకలుగా ఉంటాయి. కారు ఒక కిలోమీటరు నడిస్తే ఆ తాడు మామూలుగా ఆరువందల పైచిలుకు చుట్లు తిరుగుతుంది. పైన మీటర్లో అది రెండు పనులు చేస్తుంది. ఒకటి, పళ్ళ చక్రాల ద్వారా కిలోమీటర్ల అంకెల్ని జరుపుతుంది. రెండు, ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది. ఆ అయస్కాంతం పక్కనే అల్యూమినియం గిన్నె. రెండూ ఒకదాన్నొకటి తాకవు. కానీ తిరిగే అయస్కాంతం గిన్నెలో విద్యుత్తు పుట్టించి దాన్ని తనవెంట లాగుతుంది. వెంట్రుకలాంటి స్ప్రింగు వెనక్కి లాగుతుంది. రెండు లాగుళ్ళూ సరిపోయినచోట ముల్లు నిలబడుతుంది. 1902లో ఒట్టో షుల్జె అనే ఆయన బెర్లిన్‌లో పేటెంటు తీసుకున్న పద్ధతి ఇది. అంటకుండానే కదిలించడం అన్నమాట. ఇక్కడ ఒక ఉపమానం తోసుకొస్తోంది, ఆపుకుంటున్నాను. తెలుగు లెక్చరర్లకి అదొక జబ్బు.

తాడు ఎండిపోతే తొడుగులో ఒకచోట పట్టేస్తుంది. కింద నుంచి తిప్పుడు ఆగదు కాబట్టి మెలి బిగుసుకుంటుంది, బిగిసి బిగిసి ఒక్కసారి వదిలేస్తుంది. ఆ పట్టు-విడుపే కీచు. ముల్లు గెంతేదీ అందుకే.

ఇంటి ముందు వేపచెట్టు కింద పని మొదలుపెట్టాం. ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీయించాడు. మీటరు చుట్టూ ఉన్న స్క్రూలు విప్పి, మీటర్ని ముందుకి లాగి, వెనక కేబులు కొస నొక్కి విడదీశాం. బానెట్టు ఎత్తి గేరు బాక్సు దగ్గర రెండో కొస విప్పాం. అప్పుడు దొరికింది అసలు దోషం. ఎవరో పాత ఓనరు పాటల సెట్టు పెట్టించుకున్నప్పుడు ఆ వైర్లన్నిటినీ కేబులుతో కలిపి ప్లాస్టిక్ కట్టుతో బిగించేశారు. కేబులు అక్కడ మోచెయ్యిలా వంగిపోయింది. ఈ కేబులు పెద్ద వంపు తిరగాలే తప్ప మడత పడకూడదు. మా అయ్య ఆ కట్టు కోసి పారేశాడు.

లోపలి తాడు లాగి కిరసనాయిలు గుడ్డతో తుడిస్తే నల్లటి జిడ్డు, అది కూడా ఎండి పొడిపొడిగా. తీగలేమైనా లేచాయేమోనని గుడ్డని పొడవునా జారనిచ్చాడు. తీగ లేస్తే గుడ్డకి పట్టుకుంటుంది. పట్టుకోలేదు. తరవాత, "సదునైన బల్ల కావాల" అన్నాడు. ఇంట్లో అలాంటిది ఒకటే ఉంది, గాజు పలక వేసిన నా రాతబల్ల. పుస్తకాలన్నీ తీయించి దానిమీద తాణ్ణి దొర్లించాడు. వంకర లేకపోతే పాములా సాఫీగా దొర్లుతుంది. వంకర ఉంటే అక్కడ ఎగిరిపడుతుంది, దాన్నిక మార్చుకోవడమే. మాది దొర్లింది.

గ్రీసు పల్చగా పట్టించాలి. కింది వైపు నుంచి మూడింట రెండొంతులే. పై కొస దగ్గర ఒక జానెడు పొడిగా వదిలెయ్యాలి. నేను తెలివిగా మొత్తం పూసెయ్యబోతే చెయ్యి పట్టుకున్నాడు. తిరిగే తాడు గ్రీసుని పైకి తోడుకుపోతుంది. అది మీటర్లోకి పోతే గిన్నె, స్ప్రింగు జిడ్డు పట్టి మీటరే పోతుంది. గ్రీసు పెట్టాక కూడా కీచుంటే జబ్బు మీటరు లోపల ఉన్నట్టు. మిషను నూనె ఒక్క బొట్టు ఇరుసు మొదట్లో వేసి చూడాలి. మాకు ఆ అవసరం రాలేదు. తాణ్ణి తిప్పుతూ తిప్పుతూ దూర్చి, పలకలు గాడిలో పడ్డాయని వేళ్ళకి తెలిశాక, మర చేత్తోనే బిగించాడు. గంటన్నర పని. ఖర్చు ముప్ఫై రూపాయల గ్రీసు.

పోలిపల్లి వైపు వెళ్ళొచ్చాం. నలభైలో ముల్లు మేకు కొట్టినట్టు నిలబడింది. కీచు లేదు. ఆ నిశ్శబ్దంలో అయ్య అన్నాడు: "ఆ దినం కూడా ఇంతే. సప్పుడొస్తందని సెప్పినాను. ఇన్లేదు."

"ఏ దినం?"

ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు. వచ్చాక అటక మీద రేకుపెట్టె దింపించాడు. అందులో గుడ్డలో చుట్టి, తుప్పు పట్టిన ఒక తాడు. మారుతి దానికంటే లావు, పొడవు. మధ్యలో తెగి ఉంది.

1997. నేను నాలుగో తరగతి. అయ్య పక్క ఊరి కామందు దగ్గర పదకొండేళ్ళుగా అంబాసిడర్ డ్రైవరు. రోజూ రాత్రి కారు షెడ్డులో పెట్టాక మీటరు చూసి, వరండాలో మేకుకి వేలాడే నోటుబుక్కులో కిలోమీటర్లు రాయాలి. కామందు పొద్దున్నే డీజిలు లెక్కతో సరిచూసుకునేవాడు. కేబులు అరుస్తోంది, గ్రీసుకి డబ్బులిమ్మని అయ్య రెండుసార్లు అడిగాడు. నడిచినంతకాలం నడవనీ అన్నాడాయన. ఒక పెళ్ళికి విశాఖ తిరుగుళ్ళ మధ్యలో అది తెగిపోయింది. రెండు రోజులు మీటరు కదల్లేదు, డీజిలు మాత్రం అయిపోయింది. అయ్య నోటుబుక్కులో రెండు రోజులూ ఒకటే అంకె రాశాడు. ఉన్నదే రాశాడు.

డ్రైవర్లు కేబులు పీకేసి సొంత కిరాయిలు తిప్పుకుంటారని అందరికీ తెలిసిన ఆరోపణ. ఆ మాటే అన్నారు. కులం పేరు పెట్టి అన్నారు. ఆ నెల జీతం ఎగ్గొట్టారు. అయ్య తెగిన తాణ్ణి లాగి తెచ్చి మెట్ల కింద నిలబడ్డాడట. మెట్లెక్కే అలవాటు లేదు కాబట్టి కిందే. పీకితే కొసలు నిండుగా ఉంటాయి, పలకలు పలకలుగా ఉంటాయి. ఇది నడుమ తెగింది, తీగలు మెలితిరిగి విచ్చుకున్నాయి, చూడండి బాబూ అన్నాడట. ఆయన చూడలేదు. చేత్తో ముట్టుకోవాల్సిన పని కూడా లేదు, ఊరికే చూడాలి, అంతే. చూడలేదు.

నాకు అప్పట్లో ఇంట్లో చెప్పింది, అయ్య పని మానేశాడని. తరవాత అతను మళ్ళీ స్టీరింగు పట్టలేదు. చిట్టివలస జూట్ మిల్లుకి వచ్చే లారీల దగ్గర కొన్నాళ్ళు మూటలు దింపాడు, తరవాత కూలికి పోయాడు. పేటలో కూడా కొందరు నమ్మారట, తిప్పుకునే ఉంటాడులే అని. అమ్మ కూడా ఒక రాత్రి అడిగిందట, నిజం చెప్పు అని. ఆ సంగతి అమ్మే నవ్వుతూ చెప్పింది. అయ్య నవ్వలేదు.

నేను ప్రతి ఏడూ పిల్లలకి 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' చదివిస్తాను. అందులో రెండు బండి ప్రయాణాలున్నాయి, మీకు తెలుసు. 1901లో గోరేగావ్ పోవడానికి మసూర్ స్టేషన్లో దిగిన పిల్లలు, రెట్టింపు కిరాయి ఇచ్చి, బండి తామే తోలుకోవాల్సి రావడం, బండివాడు పక్కన నడవడం. 1929లో చాలీస్‌గావ్‌లో టాంగావాడు బాబాసాహెబ్‌ని ఎక్కించుకుని తోలనంటే, మనవాళ్ళలో ఒకతను పగ్గాలు పట్టడం, కల్వర్టు దగ్గర టాంగా దెబ్బతిని బాబాసాహెబ్ కింద పడి కాలు విరగడం. బండి తోలననే వాడి గురించి క్లాసులో గంట మాట్లాడతాను. బారిస్టరు కంటే తానే ఎక్కువనుకునే ఆ మనసు గురించి మాట్లాడతాను. తోలడం రాకపోయినా పగ్గాలు పట్టిన అతని గురించి ఏనాడూ ఒక్క ముక్క చెప్పలేదు. మా ఇంట్లో తోలడం వచ్చినవాడే ఉన్నాడు. పదకొండేళ్ళు తోలినవాడు. అతన్నీ ఏమీ అడగలేదు.

ఇంకొకటి ఒప్పుకోవాలి. నా పీహెచ్‌డీ గ్రంథం కృతజ్ఞతల పేజీలో "అక్షరం ముక్క రాని మా అయ్యకు" అని రాశాను. వైవా రోజు పెద్దలు ఆ వాక్యాన్ని మెచ్చుకున్నారు కూడా. అయ్య మూడో తరగతి దాకా చదివాడు. పదకొండేళ్ళు రోజూ రాత్రి తారీకు వేసి, ఊరి పేరు వేసి, కిలోమీటర్లు వేసి రాశాడు. ఆ వాక్యం గురించి ఆదివారం సాయంత్రం అతనికి చెప్పాను. కాసేపు ఆగి, "నువ్వడగలేదు, నాను సెప్పలేదు" అన్నాడు. గ్రంథాలయంలో ఉన్న కాపీల్లో అది అలాగే ఉంటుంది. పుస్తకంగా వేస్తే తీసేస్తాను.

ఆ తెగిన తాడు ఫోటో తీసి ఇక్కడ పెడతానన్నాను. వద్దన్నాడు.

"ఎవులికి సూపించడానికి? సూడాల్సినోడు సచ్చిపోనాడు."

మళ్ళీ గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టాడు. ఈసారి పెట్టెని అటకమీదికి ఎక్కించనివ్వలేదు, మంచం కిందే ఉంచమన్నాడు. పాఠ్యపుస్తకాల సంగతి వచ్చే ఆదివారం.