లేకాక్ గృహపు దక్షిణపు గోడ

ఇంగ్లాండు దేశమున, లండను నగరమునకు బడమరగా సుమారు 100 మైళ్ల దూరమున, విల్టుషైరు మండలమందు ఏవన్ నదీతీరమున లేకాక్ అను చిన్న గ్రామము కలదు. ఆ గ్రామము చెంతనున్న పెద్ద రాతిగృహమునకు లేకాక్ ఆబీ యని పేరు. ఆబీ యనగా క్రైస్తవ సన్యాసులో సన్యాసినులో వసించు మఠము. ఆ దేశమున గొంతకాలము వసించినపుడు నే నీ గృహమును రెండుమారులు చూచితిని. మొదటిమారు గదులన్నియు తిరిగితిని. రెండవమారు ఒక్క గోడనే చూచి వచ్చితి ననిన నతిశయోక్తి కాదు. ఆ గోడను గూర్చియే యిచ్చట వ్రాయుచున్నాను.

1232వ సంవత్సరమున సాలిస్బరీ ప్రభుపత్ని యగు ఎలా యను నామె, గతించిన భర్త జ్ఞాపకార్థము, ఇచ్చట సన్యాసినులకు మఠమును స్థాపించెను. (ఆమె పేరు మన బాలుర చెవికి ప్రశ్నవలె వినబడి నవ్వు పుట్టించు నేమో, ఆమె చరిత్రము మాత్రము నవ్వదగినది కాదు.) తరువాత తానును అచ్చటనే చేరి మఠాధ్యక్షురాలై, 1261లో మరణింపగా మఠపు దేవాలయముననే సమాధి చేయబడెను. నలుచదరమగు ముంగిలి, దాని చుట్టును రాతికప్పు గల నడవలు, నడవల నానుకొని సభాశాలయు, చలి కాచుకొను గదియు, మీది యంతస్తున నివాసస్థలములు, ముంగిలికి దక్షిణమున దేవాలయము – ఇట్లుండెను మఠపు కట్టడము. ఆ దేవాలయపు ఉత్తరపు గోడయే నేను జెప్పు గోడ.

ఎనిమిదవ హెన్రీ రాజు దేశమందలి మఠములను రద్దుచేయించినపుడు, 1539లో లేకాక్ మఠమును మూతబడెను. మరుసటి సంవత్సరమే విలియం షారింగ్టన్ అను నతడు 783 పౌనుల కా స్థలమును గొనెను. అతడు దేవాలయమును నేలమట్టము చేయించెను. కాని ఉత్తరపు గోడను ముట్టలేదు. నడవ యా గోడ నానుకొనియే యున్నది. దానిని దీసిన నడవయు నిలువదు గదా! నడవలకు మీదనున్న భాగమును తన నివాసముగ మార్చుకొనెను. సన్యాసినులు మౌనముగ నడచిన రాతినడవలు క్రిందను, గృహస్థుని సంసారము మీదను! అంతవరకు దేవాలయమున కొక ప్రక్కగోడగ నుండి, ప్రార్థనాగీతముల నాలకించిన ముఖము వానకును ఎండకును బయలుపడి, గృహమునకు ముందుగోడ యయ్యెను. లోపలిది వెలుపలి దయ్యెను.

ఈ షారింగ్టన్ ఎట్టివాడో చెప్పకున్న న్యాయము కాదు. బ్రిస్టల్ టంకశాలలో నధికారిగ నుండి, నాణెములలో వెండి తగ్గించి ధనమార్జించెను. 1549లో పట్టుబడి, నేరము నొప్పుకొని, ఆస్తి పోగొట్టుకొని, క్షమాభిక్ష పొంది, మరల డబ్బిచ్చి యా గృహమునే కొనెను. ఆ యింటి ఆగ్నేయమూల నతడు కట్టించిన ఎనిమిది పలకల బురుజు మిక్కిలి సొగసైనది. అందలి చెక్కిన రాతిబల్లలను జూచినపుడు ఇటలీ దేశపు క్రొత్త శిల్పమున నతనికెంత మక్కువయో తెలియును. దొంగ చేతను అందము నిలుచునా యని నాకు కోపము వచ్చినది. చూపు మాత్రము మరల్పలేకపోతిని.

దేవాలయమున్న చోట నిపుడు పచ్చిక పెరుగుచున్నది. ఎలా సమాధిఫలకము నడవలోనికి జేరినది. ఆ పచ్చికమీద నిలిచి షారింగ్టనును గూర్చి తీర్పు చెప్ప యత్నించితిని. స్థాపకురాలి సమాధిపై కప్పును గూల్చినవాడతడే. ఆమె మఠపు నడవలలో మూడింటిని మనకు దక్కించినవాడును అతడే. భక్తిచేత గాక పొదుపుచేత దక్కించెనని నా నమ్మకము. అట్లయినను, ఎవరికిని పనికిరాక విడువబడిన మఠములు ఆ దేశమున మొండిగోడలై యుండగా, కాపురమున్నందుననే గదా ఇది నిలిచినది! ఆ నడవలలోను గదులలోను చిత్రీకరించిన హారీ పాటర్ చలనచిత్రము 2001లో వెలువడినది. దానిని జూచిన పిల్లలు ఆ రాతికప్పు నెరుగుదురు.

షారింగ్టనుకు సంతు లేదు. అతని తమ్ముని కూతురు ఆలివ్ అనునామెను టాల్బటు వంశీయుడు పెండ్లాడుటచే గృహము వారికి జెందెను. 1750 తరువాత ఆ వంశమువాడే సాండర్సన్ మిల్లరు చేత ఒక పెద్ద చావడిని బూర్వపు దేవాలయముల ఫక్కిలో గట్టించి, దాని కప్పుపై తన స్నేహితుల వంశచిహ్నములను వ్రాయించెను. నిజమైన ప్రాతదానిని కూల్చిన రెండువందల యేండ్లకు అట్టిదే నకలు కట్టించుట నాకు వింతగ దోచెను. చావడి అందమైనదే, కాని నేనందు చాలసేపు నిలువలేదు.

1827లో విలియం హెన్రీ ఫాక్స్ టాల్బటు ఇచ్చట కాపురమునకు వచ్చెను. అతడా దక్షిణపు గోడను దొలిపించి, ముందునకు బొడుచుకొని వచ్చు మూడు గవాక్షములను అమర్చెను. చీకటిగ నున్న దీర్ఘశాల వెలుగుతో నిండెను. చిత్రలేఖనము తన చేతికి లొంగకపోవుటచే, వెలుగుచేతనే చిత్రము వ్రాయింపవలెనని యతడు చిన్న చిన్న కొయ్యపెట్టెలు చేయించెను. ఇంటిలో మూలమూలల బెట్టిన యా పెట్టెలకు భార్య ఎలుకబోనులని పేరిడెను. ఉప్పునీట దడిపి వెండిలవణము పూసిన కాగితమును అందుంచి, 1835 ఆగస్టులో మధ్యగవాక్షమువైపు నిలిపెను. తపాలాబిళ్ల యంత ముక్కపై గవాక్షము దిగినది. వెలుగు నల్లగను, నీడ తెల్లగను! కెమెరాతో దీసిన నెగెటివులలో నేటికి మిగిలియున్న వానిలోనెల్ల ప్రాచీనమైనది అదియే. ఇపుడు బ్రాడ్‌ఫర్డు నగరపు ప్రదర్శనశాలలో భద్రపరచబడి యున్నది.

1232లో మఠము స్థాపించినవారు గోడ కట్టిరి, షారింగ్టన్ విడిచిపెట్టెను, టాల్బటు తొలిచెను. దొలువకున్న నా పటము లేదు. విడువకున్న తొలుచుటకు గోడయే లేదు. 1944లో ఆ వంశపు మటిల్డా టాల్బటు గృహమును, గ్రామమును గూడ నేషనల్ ట్రస్టు అను సంస్థకు దానమిచ్చుటచే నావంటి పరదేశియు లోనికి బోగలిగినాడు.

ఆ పటమున మొదట సుమారు 200 గాజుపలకలను భూతద్దముతో లెక్కింపవచ్చు ననియెను టాల్బటు. మధ్యగవాక్షము నెదుట నిలిచి నేనును లెక్కింప దొడగితిని. నూరు దాటినంతలో ద్వారములు మూయువేళ యైనదని కావలియామె మర్యాదగ జెప్పెను.