బండి వెనక రెండు పలకలు, మన ఢోలు చప్పుడు



పోస్టు జర పొడుగుంటది, తీరిగ్గా చదవండి. ఇక్కడ మనం ఎప్పుడూ నోటిఫికేషన్ల గురించి, పోడు పట్టాల గురించి, హాస్టల్ సీట్ల గురించే మాట్లాడుకుంటం. ఈసారి మేము కారు స్పీకర్ల గురించి రాస్తున్నం. "వీళ్లకు పైసలు ఎక్కువైనయా ఏంది" అనుకోకండి. చివరి దాకా చదివితే ఎందుకు రాసినమో మీకే అర్థమైతది.

మేము నలుగురం. ఉట్నూర్ దిక్కు గోండు గూడెం పిల్లలం. ఒకరు ఐటీఐ ఎలక్ట్రీషియన్, ఇద్దరు డిగ్రీ చదువుతున్నరు, ఇంకొకరు బండి నడుపుతరు. నాలుగు ఇండ్ల పైసలు కలిపి ఒక పాత ఆల్టో కొన్నం. సోకు కోసం కొన్న బండి కాదది. సంత రోజు సంతకు పోతది, పరీక్షలుంటే పిల్లలను సెంటర్ కాడ దింపుతది. రాత్రిపూట ఎవరికన్నా పానం బాగలేకపోతే దవాఖానకు పోయేది కూడా అదే. వాగు పొంగే నెలల్లో బండిని అవతలి ఒడ్డున పెట్టుకుంటం. మనిషిని మంచం మీద వాగు దాటించి, అక్కడి నుంచి బండిల తీస్కపోతం.

ఇంక స్పీకర్ల ముచ్చట. మా ఊర్లకు కిక్రీ పట్టుకొని వచ్చే ప్రధాన్ తాత పోయిన ఏడు కాలం చేసిండు. పెర్సపేన్ పూజకైనా, పెండ్లికైనా ఆయన కూర్చొని కథ అందుకుంటే తెల్లారేదాకా సాగేది. ఇప్పుడు ఆయన గొంతు మా ఫోన్లల్ల ఉన్న పదకొండు రికార్డింగులల్లనే మిగిలింది. ఆ రికార్డింగులను గూడెంల చిన్న పిల్లలకు వినిపిస్తే, ఒక తమ్ముడు "గిదేంది దాదా, డబ్బా కొట్టినట్టు టకటక అంటంది" అన్నడు. వాడు ఆశ్రమ పాఠశాలల చదువుతడు, ఇంటికి సెలవులకే వస్తడు. వాడి తప్పు లేదు, ఫోన్ల నిజంగానే అట్ల వినిపిస్తది.

ఎందుకంటే ఫోన్ స్పీకర్ గోరంత ఉంటది. సన్న చప్పుడు చెయ్యనీకి కొంచెం గాలి కదిలితే చాలు. లోతు చప్పుడుకు చాలా గాలి కదలాలె. అందుకే ఫోన్ల గొంతు వినిపిస్తది, కిక్రీ వినిపిస్తది, ఢోలు కడుపులోంచి వచ్చే దెబ్బ మాత్రం మాయమైతది. మార్లవాయి కనకరాజు తాతకు 2021ల పద్మశ్రీ వచ్చినప్పుడు గుస్సాడీ వీడియోలు మన అందరి ఫోన్లల్ల తిరిగినయ్. అడుగులు కండ్ల నిండా చూసినం. ఆ అడుగు ఏ దెబ్బ మీద పడుతదో ఆ దెబ్బ మాత్రం ఫోన్ల సగమే వినిపించింది.

డీజే పాటలను మాత్రం అదే పిల్లగాడు పెద్ద పెద్ద బాక్సులల్ల వింటడు. ఛాతీ అదిరేటట్టు వింటడు. మరి వాడి మనసుల ఏది పెద్ద పాట, ఏది చిన్న పాట అయితది? మన పాట చిన్నది కాదు. అది వాడికి చిన్న డబ్బాల నుంచి అందుతుంది, అంతే. మాకు పట్టుకున్న రంది ఇదే.

"బ్లూటూత్ బాక్స్ కొంటే అయిపోతది కదా" అని కొందరు అడిగినరు. ఆలోచించినం. కానీ మా గూడెంల ముసలోళ్లు, పిల్లలు గంటసేపు ఒక్క దగ్గర కూర్చునే జాగా ఇప్పుడు ఆ బండి ఒక్కటే. టౌనుకు పోయేటప్పుడు గంట, వచ్చేటప్పుడు గంట. బ్యాటరీ బండిలనే ఉంది, స్టీరియో కూడా ఉంది. దాని వెనక స్పీకర్ల అవుట్‌పుట్ ఖాళీగనే ఉంది. లేనివల్లా వెనక రెండు మంచి స్పీకర్లు, వాటిని నిలబెట్టే జాగా.

టౌనుల ఒక షాపుకు పోయి అడిగినం. స్పీకర్లు, బిగింపు అన్నీ కలిపి తొమ్మిది వేలు చెప్పిండు. వెనక డిక్కీల పెద్ద పెట్టె కూర్చోబెడుతనన్నడు. "అన్నా, ఆ బండిల మనుషులను పడుకోబెట్టి తీస్కపోతం, సీటు వంగాలె, డిక్కీ ఖాళీగ ఉండాలె" అంటే నవ్విండు. "మీ అడవి రోడ్లకు మ్యూజిక్ ఎందుకు తమ్మీ" అన్నడు. మేమేం మాట్లాడలె. బయటికొచ్చి చాయ్ తాగి, మనమే చేద్దాం అనుకున్నం.

పని ఎట్ల చేసినమో వివరంగ రాస్తున్నం, చేసుకునేటోళ్లకు పనికొస్తది.

హ్యాచ్‌బ్యాక్ బండిల వెనక సీటు మీద ఒక పలక ఉంటది కదా, పార్సెల్ ట్రే అంటరు. చాలామంది దానికే బొక్క కొట్టి స్పీకర్లు బిగిస్తరు. ఆ పలక సన్నటిది, వట్టిగ పక్కల మీద ఆని ఉంటది. పెద్ద స్పీకర్ ఒక్కొక్కటి కిలోన్నర, రెండు కిలోలు ఉంటది. గుంతల పడ్డప్పుడల్లా పలక వంగి గలగలమంటది. అంతకంటే పెద్ద ముప్పు ఏందంటే, సడన్ బ్రేక్ కొడితే బిగించని పలక స్పీకర్లతో సహా ఎగిరి వెనక కూర్చున్నోళ్ల తలకు తగులుతది. బండిల కూర్చునేది మన అవ్వలు, మన పిల్లలు.

అందుకని మేము పలకను మూడు ముక్కలుగ ఆలోచించినం. ఎడమ దిక్కు ఒకటి, కుడి దిక్కు ఒకటి, ఈ రెండూ బండికి గట్టిగ బిగిసి ఉంటయ్. నడుమ ముక్క మాత్రం ఎత్తితే వచ్చేస్తది. స్పీకర్లు పక్క ముక్కలల్ల ఉంటయ్ కాబట్టి, నడుమది తీసేస్తే డిక్కీ, సీటు ఎప్పటిలెక్కనే వాడుకోవచ్చు.

ముందుగాల అట్టపెట్టె కోసి అచ్చు తీసినం. బండి పక్క గోడ వంకర టింకరగ ఉంటది. దానికొక ఉపాయం ఉంది. గుండ్రటి వాషర్ బొక్కల పెన్ను ముల్లు పెట్టి, వాషర్‌ను గోడ వెంట దొర్లిస్తే గోడ వంపు మొత్తం అట్ట మీద పడుతది. వాషర్ అంచు అంత సందు అంతటా సమానంగ వస్తది. ఆ గీత మీద కోసి, పెట్టి చూసి, మళ్ల కొంచెం కోసి, అచ్చు సరిపోయినంకనే చెక్క ముట్టినం.

చెక్క విషయంల ఎండీఎఫ్ వద్దనుకున్నం. కోయనీకి సులువుగనే ఉంటది, కానీ మన వానలకు తేమ పట్టి ఉబ్బుతది. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, ఐఎస్ 710 ముద్ర ఉన్నది తీసుకున్నం. వడ్ల దుకాణంల మిగిలిన ముక్కలు మూడు వందలకు దొరికినయ్. కోసిన అంచులకు రెండు కోట్లు వార్నిష్ పట్టించినం, నీళ్లు చొచ్చేది అంచుల నుంచే.

చెక్క ఇంటికి తెచ్చిన రోజు దండారికి గుమేలలు బిగించే తాత వచ్చి చూసిండు. ఒక ప్లై ముక్క చేతిలకు తీసుకొని వేలి కణుపుతోని అక్కడక్కడ కొట్టుకుంట విన్నడు. ఒకచోట ఆగి "ఈడ లోపల బోలుగుంది, ఈడ మోగదు, గలగలమంటది" అన్నడు. ఆ జాగల గీత గీసినం. స్పీకర్ బొక్క సరిగ్గ అక్కడికే జరిపినం. కోసిన ముక్క అంచు చూస్తే లోపలి పొరల నిజంగనే సందు ఉంది. మాకు ఐటీఐల లెవెల్ పట్టి, కొలతల టేపు ఇచ్చినరు. వేలితోని చెక్కను వినడం మాత్రం తాత దగ్గర నేర్చుకున్నం.

స్పీకర్ ఎందుకు ఇంత గట్టి చెక్కల ఉండాలె అని తాత అడిగిండు. మేము చెప్పినం: కోన్ ముందుకు కదిలితే ముందు గాలి నొక్కుకపోతది, అదే క్షణంల వెనక గాలి పలచబడుతది. అడ్డం లేకపోతే ఆ రెండు కలిసి ఒకదాన్నొకటి మింగేస్తయ్. మొదలు పోయేది లోతు చప్పుడే. నడుమ చెక్క అడ్డముంటే ముందుది ముందే ఉంటది, వెనకది డిక్కీలనే ఉంటది. తాత తల ఊపి "అయితే ఇది కూడా ఢోలే. తోలు బదులు కాగితం, అంతే కదా" అన్నడు. అవును, అంతే.

స్పీకర్లు 6×9 అంగుళాల ఓవల్ రకం, జత 2,400 రూపాయలు. పెట్టె మీద రాసిన పెద్ద పెద్ద వాట్లు చూసి మోసపోకండి. స్టీరియో మీద 50×4 అని రాసి ఉన్నా, అది ఆగకుండ ఇచ్చేది ఒక్కో స్పీకర్‌కు 15 నుంచి 20 వాట్లే. చూడాల్సింది సెన్సిటివిటీ అంకె. 90 డెసిబెల్స్, ఆపైన ఉంటే ఆంప్లిఫయర్ లేకున్నా బాగ పలుకుతది. ఆ అంకె 3 పెరిగితే, అంతే చప్పుడుకు సగం కరెంటు చాలు.

బిగించేటప్పుడు బండి రేకుకు కొత్త బొక్కలు కొట్టలె. పెట్రోల్ మూత ఉన్న దిక్కు ప్లాస్టిక్ వెనకనే పెట్రోల్ పైపు పోతది. సీటు బెల్టు పట్టు కూడా ఆ జాగలనే ఉంటది. డ్రిల్ పెట్టే ముందు అందరూ అది యాది పెట్టుకోండి. ఉన్న బొక్కలకే ఎల్ క్లిప్పులు పెట్టి, 6 మిల్లీమీటర్ల బోల్టులు, వదులు కాని నైలాక్ నట్లు వేసినం. చెక్కకు, బండికి నడుమ నురగ పట్టీ. పైన నల్ల కార్పెట్ అంటించి, సంచులు తగలకుండ జాలీ పెట్టినం.

వైర్లు తలుపు గడప ప్లాస్టిక్ కింద నుంచి తెచ్చినం. రెండు స్పీకర్ల ప్లస్, మైనస్ ఒక్కతీరుగ ఉండాలె. ఒకటి ఉల్టా అయితే ఒకటి ముందుకు, ఒకటి వెనకకు పోయి లోతు చప్పుడు చచ్చిపోతది. వైరు గుర్తు తెలియకపోతే గడియారం సెల్లు 1.5 వోల్టుది ఒక్క క్షణం తగిలించండి. కోన్ బయటికి వస్తే సెల్లు ప్లస్ ఉన్న దిక్కే స్పీకర్ ప్లస్. కార్పెట్టు, బోల్టులు, వైర్లు, జాలీ అన్నీ కలిపి 650 అయినయ్. మొత్తం ఖర్చు 3,350 రూపాయలు, రెండు ఆదివారాల పని.

మొదటిసారి తాత రికార్డింగు పెట్టినప్పుడు బండి చుట్టూ పది పదిహేను మంది ఉన్నరు. ఢోలు దెబ్బ పడంగనే మాట్లాడుకుంటున్నోళ్లు ఆగినరు. ప్రధాన్ తాత భార్య, మా అవ్వ, డిక్కీ అంచు మీద చెయ్యి పెట్టి నిలబడ్డది. చెక్క అదురుతుంటే చెయ్యి తియ్యలె. పాట అయిపోయినంక "ఇంకోటి ఉందా బిడ్డా" అని అడిగింది. పదకొండూ వినిపించినం. టకటక అన్న తమ్ముడు ముందు సీట్ల కూర్చొని, ఒక్కొక్క మాటకు అర్థం అవ్వను గోండిలనే అడిగిండు. వాడు హాస్టల్ నుంచి వచ్చినంక అన్ని ప్రశ్నలు గోండిల అడగంగ మేము వినలే.

శ్రావణంల ఒక రాత్రి మా వదినకు నొప్పులొచ్చినయ్. నడుమ పలక ఎత్తి పక్కకు పెట్టినం, సీటు వంచినం, బొంత పరిచినం. రెండు నిమిషాలు పట్టలె. తల్లీబిడ్డ బాగున్నరు. షాపాయన చెప్పిన పెట్టె ఉంటే ఆ రాత్రి స్పానర్లు వెతుక్కునేటోళ్లం. మన అవసరం మనకే తెలుస్తది, కొలతలు కూడా మనమే తీసుకోవాలె.

ఇప్పుడు గ్రూపుకు మా మాటలు రెండు. మీ ఊర్ల కిక్రీ, పెప్రే, ఢోలు తెలిసిన పెద్దమనుషులు ఇంకా ఉంటే వాళ్లను ఇప్పుడే రికార్డు చెయ్యండి. ఫోన్‌ను ఢోలు ముంగట పెట్టకండి, చప్పుడు పగిలిపోతది. పాడే మనిషికి దగ్గరగ, ఢోలుకు దూరంగ పెట్టండి. వాళ్లను అడిగి, ఒప్పుకుంటేనే చెయ్యండి. పూజకు సంబంధించినవి ఎక్కడ వినిపించాలె, ఎక్కడ వద్దో వాళ్లే చెప్తరు. రెండోది, పాట మనదైనా రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయటికి స్పీకర్ వద్దు. చట్టం సంగతి అట్లుంచి, పొద్దున లేచి చేనుకు పోయేటోళ్లు పడుకుంటరు.

మా అట్ట అచ్చు భద్రంగ ఉంది. ఆల్టో ఉన్నోళ్లు వచ్చి గీసుకపోండి. వేరే బండి అయితే వాషరు, పెన్ను పట్టుకొని రండి, కలిసి చేద్దాం. చెక్క కొట్టి వినడానికి తాత ఉన్నడు.

జై సేవా. జై ఆదివాసీ.